గన్నా అంటే ‘పోతున్నా’ కాదు, ‘బోతున్నా’

పోయిన వేసవిలో ఒక సాయంత్రం, డిగ్రీ చివరి సంవత్సరం చదివే కుర్రాడు తలుపు దగ్గరే నిలబడి, “మాస్టారూ, ఐయామ్ గన్నా వైజాగ్. రేపు క్లాసుకి రాను” అన్నాడు. వాళ్ళ బావ అమెరికాలో ఉంటాడు. ఫోన్లో మాట్లాడినప్పుడల్లా ఆయన నోట ‘గన్నా’ (gonna) దొర్లుతూ ఉంటుంది. మనవాడికి ఆ మాట నచ్చింది, జేబులో వేసుకొచ్చేశాడు. ఎక్కడ వాడాలో మాత్రం బావ చెప్పలేదు.

విజయనగరంలో మా మేడ మీద గదిలో స్పోకెన్ ఇంగ్లీష్ చెబుతున్నాను. ఎక్కువమంది పిల్లలు శ్రీకాకుళం, ఆమదాలవలస, బొబ్బిలి వైపు నుంచి వస్తారు. గ్రామర్‌లో ఎన్నో పెద్ద విషయాలున్నా, వాళ్ళు నన్ను ఎక్కువసార్లు అడిగేది ఈ చిన్న మాట గురించే. పుస్తకాల్లో లేదు, సినిమాల్లో మాత్రం నిమిషానికోసారి వినిపిస్తుంది, అసలు తప్పా ఒప్పా అంటారు. ఆ కుర్రాడికి ఆ రోజు గుమ్మంలో చెప్పింది సగమే. మిగతా సగంతో కలిపి ఇక్కడ రాస్తున్నాను. ఒక్కో మెట్టూ ఎక్కుతూ రండి. రెండో మెట్టు దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగండి, కీలకమంతా అక్కడే ఉంది.

మొదటి మెట్టు: ముందు చెవికి అలవాటు చేయండి

గన్నా కొత్త మాటేమీ కాదు. ‘గోయింగ్ టూ’ అన్న రెండు మాటలు వాడుకలో అరిగి ఒకటైపోయిన రూపం. వేగంగా మాట్లాడేటప్పుడు ‘గోయింగ్’ చివర ఉన్న గ్ ముందు పోతుంది, ‘గోయిన్’ అవుతుంది. ‘టూ’ లోని దీర్ఘం పోయి ‘ట’ అంత చిన్నదవుతుంది. ఆ ట కూడా పక్కనున్న న్‌లో కలిసిపోతుంది. చివరికి మిగిలేది ‘గన’. నాలుగైదు సార్లు మీరే వేగం పెంచుకుంటూ అని చూడండి: గోయింగ్ టూ, గోయిన్ ట, గొన, గన. ఎవరూ నేర్పకుండానే నోరు దానంతటదే అక్కడికి చేరుతుంది.

ఇది మనకి వింత కాకూడదు. పుస్తకంలో ‘వెళ్ళిపోతున్నాను’ అని ఉంటుంది. మన శ్రీకాకుళంలో ఎవరైనా అలా అంటారా? ‘ఎల్లిపోతన్నాను’ అంటారు. ‘ఏమిటి’ మన దగ్గర ‘ఏటి’ అయి ఎన్ని తరాలైందో. ఎక్కువగా వాడే మాట అరుగుతుంది, అరిగిన మాట తప్పు మాట కాదు. ఈ సంగతి లోకానికి గట్టిగా చెప్పినాయన మన శ్రీకాకుళం జిల్లావాడే. 1863 ఆగస్టు 29న పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి, జనం మాట్లాడే తెలుగుకు పుస్తకాల్లో చోటు కావాలని జీవితమంతా పోరాడారు. అందుకే ఆయన పుట్టినరోజును తెలుగు భాషా దినోత్సవంగా చేసుకుంటున్నాం. అలాంటి ఊరి పిల్లలు గన్నాను ‘చెడిపోయిన ఇంగ్లీష్’ అంటే నాకు కొంచెం నవ్వొస్తుంది.

పైగా ఇది నిన్నమొన్నటి అమెరికా కుర్రకారు పుట్టించిందీ కాదు. ఇలాంటి రూపం 1806 నాటి స్కాట్లాండ్ మాండలికపు రాతల్లోనే కనిపిస్తుంది. ఇప్పుడు బ్రిటన్‌లోనూ ఆస్ట్రేలియాలోనూ చదువుకున్నవాళ్ళు సైతం మాటల్లో మామూలుగా వాడతారు.

పలికే తీరు గురించి ఒక మాట. స్పెల్లింగులో ఎన్ రెండుసార్లు వస్తుంది కాబట్టి మనం ‘అన్న’, ‘వెన్న’ అన్నట్టు న మీద ఒత్తి పలుకుతాం. ఇంగ్లీషులో ఆ ఒత్తు లేదు. హ్యాపీని ‘హ్యాప్పీ’ అనడం కూడా ఇదే అలవాటు. చూడ్డానికి గన్నా, అనడానికి ‘గనా’. చివరి ఆ కూడా పూర్తి దీర్ఘం కాదు, గాలికి వదిలేసినట్టు ఉండాలి. వాక్యంలో బరువు దీని మీద పడకూడదు, తర్వాత వచ్చే క్రియ మీద పడాలి. ‘ఐమ్ గనా కాల్ యూ’లో గట్టిగా వినపడాల్సింది కాల్. కొందరు గన్నాను గంట కొట్టినట్టు కొడతారు, స్టైల్‌గా ఉంటుందనుకుంటారు. అసలు ఆ మాట పుట్టిందే దాక్కోవడానికి!

(మా బ్యాచ్‌లో ఆర్మీకి సెలక్ట్ అయి హిందీ నేర్చుకుంటున్న ఒకతను ఈ పాఠం రోజు అదే పనిగా నవ్వాడు. హిందీలో గన్నా అంటే చెరకు. న మీద ఒత్తి పలికితే వచ్చేది ఆ చెరకే.)

రెండో మెట్టు: పో–బో పరీక్ష

ఇంగ్లీషులో ‘గోయింగ్ టూ’ రెండు పనులు చేస్తుంది. ఒకటి నిజంగా ఎక్కడికో వెళ్ళడం: ‘ఐయామ్ గోయింగ్ టూ పలాస’. రెండోది జరగబోయేది చెప్పడం: ‘ఐయామ్ గోయింగ్ టూ స్లీప్’. పడుకోబోతున్నాను అని. ఇక్కడ ఎవరూ ఎక్కడికీ నడవడం లేదు, మంచం మీదే ఉండి కూడా అనొచ్చు.

గన్నాగా అరిగేది ఈ రెండోది మాత్రమే. వెళ్ళడం అన్న అర్థంలో ఉన్నది ఎంత వేగంగా మాట్లాడినా గన్నా అవదు. ‘ఐయామ్ గన్నా పలాస’ అని ఇంగ్లీష్ పుట్టుకతో వచ్చినవాళ్ళెవరూ అనరు. మా కుర్రాడి పొరపాటు సరిగ్గా ఇదే.

మరి మాట్లాడుతూ మాట్లాడుతూ ఏది ఏదో ఎలా తేల్చుకోవాలి? గ్రామర్ పుస్తకం చెప్పే సూత్రం ఒకటుంది: తర్వాత క్రియ వస్తే గన్నా, చోటు పేరు వస్తే కాదు. సూత్రం సరైనదే కానీ, నోరు తెరిచాక సూత్రం గుర్తుకు రాదు. మనకి అంతకంటే దగ్గర దారి ఉంది. అది తెలుగులోనే ఉంది.

‘పోతున్నాను’ అంటే వెళ్తున్నాను. ‘చెప్పబోతున్నాను’ అంటే ఇప్పుడో కాసేపట్లోనో చెప్తాను అని. ఈ ‘బోతున్నాను’ ఎక్కడిది? అదీ ‘పోతున్నాను’ నుంచి వచ్చిందే. చెప్పన్, పోవు కలిసి చెప్పబోవు అయింది. స్కూల్లో సరళాదేశ సంధి అని చదివే ఉంటారు, న్ తర్వాత ప వచ్చి బ అవుతుంది. అంటే మనవాళ్ళు కూడా జరగబోయేది చెప్పడానికి ‘పోవడం’ అన్న మాటనే తెచ్చుకున్నారు. ఏదైనా చేయడానికి బయల్దేరినవాడు కాసేపట్లో ఆ పని చేస్తాడు కదా, అందులోంచి పుట్టిన అర్థం ఇది. ఇంగ్లీష్‌వాళ్ళకి ‘గోయింగ్ టూ’ విషయంలో 15వ శతాబ్దం చివరికి సరిగ్గా ఇదే జరిగింది. ఒకరినొకరు చూసి రాసుకోలేదు, అయినా రెండు భాషలూ ఒకే దారిలో నడిచాయి. నాకు ఇది తెలిసిన రోజు, ఎవరికైనా చెప్పకపోతే నిద్ర పట్టేటట్టు లేకపోయింది.

ఇంకా బాగున్న సంగతేమిటంటే, అక్షరం మారింది కూడా ఒకేలాగ. వెళ్ళడానికి మన దగ్గర ప అలాగే ఉంది, జరగబోయేదానికి బ అయింది. ఇంగ్లీషులో వెళ్ళడానికి ‘గోయింగ్ టూ’ అలాగే ఉంది, జరగబోయేదానికి గన్నా అయింది. కాబట్టి పరీక్ష ఇది. మీరు అనాలనుకున్నది తెలుగులో ఒకసారి మనసులో అనుకోండి. ప వస్తే ‘గోయింగ్ టూ’, బ వస్తే గన్నా.

‘పలాస పోతన్నాను’: ప వచ్చింది. ఐయామ్ గోయింగ్ టూ పలాస.

‘జీడిపప్పు కొనబోతన్నాను’: బ వచ్చింది. ఐయామ్ గన్నా బై క్యాష్యూస్.

‘పలాస వెళ్ళబోతన్నాను’: ఇక్కడ వెళ్ళడమూ ఉంది, బో కూడా ఉంది. అందుకే రెండూ పెట్టాలి. ఐయామ్ గన్నా గో టూ పలాస. గన్నాలో ఆల్రెడీ ‘గో’ ఉంది కదా, మళ్ళీ ‘గో’ ఎందుకు మాస్టారూ అని అడుగుతారు. ‘వెళ్ళబోతున్నాను’లో వెళ్ళడం, పోవడం రెండూ ఉన్నాయి, మనకి ఏనాడైనా ఎక్కువనిపించిందా?

గడిచిన కాలానికి కూడా ఈ పరీక్ష పనిచేస్తుంది, అదీ అందంగా. ‘నీకు చెప్పబోయాను, ఇంతలో బస్సు వచ్చేసింది’ అంటాం. ఇంగ్లీషులో ‘ఐ వాజ్ గన్నా టెల్ యూ’. చెప్పాలనుకున్నాను, చెప్పడం మాత్రం జరగలేదు అన్న భావం రెండింటిలోనూ అచ్చు అలాగే ఉంది. ఫోన్ చేయడం మర్చిపోయి దొరికిపోయినప్పుడు ‘ఐ వాజ్ గన్నా కాల్ యూ’ అన్నది బాగా పనికొచ్చే వాక్యం. నిజం ఎంతో మీకే తెలుసు.

మూడో మెట్టు: దానికి ముందూ వెనకా

గన్నాకి ముందు యామ్, ఈజ్, ఆర్ లలో ఒకటి (గడిచిన కాలానికైతే వాజ్, వర్ లలో ఒకటి) ఉండి తీరాలి. ‘ఐ గన్నా కమ్’ అని పాటల్లో వినపడొచ్చు, పాటకి తాళం ముఖ్యం. మీరు మాత్రం ‘ఐమ్ గన్నా కమ్’ అనండి. ఆ చిన్న మ్ పలికీ పలకనట్టు ఉంటుంది కాబట్టి వినేటప్పుడు జారిపోతుంది, జారిపోయింది కాబట్టి లేదనుకుంటాం.

వెనక ఉత్త క్రియ రావాలి. ‘గన్నా కమింగ్’ కాదు, ‘గన్నా కమ్’. ‘గన్నా టూ కమ్’ కూడా కాదు, ఆ టూ అందులోనే అరిగిపోయి ఉంది. ‘విల్ గన్నా’ అసలే కాదు. ‘వస్తాను రాబోతున్నాను’ అన్నట్టు ఉంటుంది.

వద్దు, కాదు అనాలంటే నాట్ ముందు పెట్టండి: ‘ఐమ్ నాట్ గన్నా గో’. ప్రశ్న అడగాలంటే ఆర్‌ని ముందుకు తెండి: ‘ఆర్ యూ గన్నా ఈట్?’ ‘వాట్ ఆర్ యూ గన్నా డూ?’ ఇంతే, ఇందులో మెలికలేమీ లేవు.

నాలుగో మెట్టు: విల్‌తో గొడవ

ఇది కొంచెం సూక్ష్మం. మన తెలుగు మీడియం బడుల్లో భవిష్యత్తు అంటే విల్, షల్ అని రుద్దేశారు. దాంతో అన్నిటికీ విల్ వాడేస్తాం. గన్నా నేర్చుకున్నాక అన్నిటికీ గన్నా వాడేస్తాం. రెండూ ఇబ్బందే.

ఇంటికి చుట్టాలొచ్చారు. ఎండలో వచ్చారు, మొహాలు వాడిపోయాయి. మీరు లేచి ‘ఐల్ గెట్ సమ్ వాటర్’ అంటారు. అప్పటికప్పుడు అనుకున్న పని, సాయం, మాట ఇవ్వడం అంటే విల్. అక్కడ ‘ఐమ్ గన్నా గెట్ సమ్ వాటర్’ అంటే, నేను ముందే నీళ్ళు తెచ్చుకుందామనుకుంటున్నాను, మీరొచ్చారు అన్నట్టుంటుంది.

ముందే నిర్ణయం అయిపోయినవాటికి గన్నా. ‘ఈ సంవత్సరం గ్రూప్స్ రాయబోతున్నాను’ అంటే పుస్తకాలు కొనేశాక అనే మాట: ‘ఐమ్ గన్నా రైట్ ద గ్రూప్స్ ఎగ్జామ్’. (రైట్ బదులు టేక్ అంటే ఇంకా బాగుంటుంది, కానీ ఆ పాఠం ఇంకోసారి.)

ఇంకో చోట గన్నాకి ఎదురే లేదు. కళ్ళ ముందు ఆనవాలు కనిపిస్తున్నప్పుడు. కళింగపట్నం ఒడ్డున నిలబడితే సముద్రం మీద నల్లగా కమ్ముకొస్తోంది, గాలి మారింది: ‘ఇట్స్ గన్నా రెయిన్’. నిచ్చెన ఊగుతోంది: ‘యూ ఆర్ గన్నా ఫాల్’. తెలుగులో కూడా ఇక్కడ ‘వాన పడబోతోంది’ అనే అంటాం. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను తీరం దాటిన ముందు రోజును ఉద్దానం వాళ్ళు ఇంగ్లీషులో చెప్పాలంటే ఇళ్ళలో మాటలన్నీ గన్నాతోనే నడవాలి, టీవీ వార్తల్లో మాత్రం విల్ రావాలి. జరగబోయేది ఒకటే, చెప్పే చోటు వేరు. చోటు గురించే తర్వాతి మెట్టు.

ఐదో మెట్టు: కలెక్టరు ముందు మాట, కలెక్టరుకి అర్జీ

సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు ఇచ్చేవాళ్ళని చూశారా? రైతు కలెక్టరు ఎదుట నిలబడి, ‘ఏటి సెయ్యమంటారు బాబూ, తిరిగి తిరిగి ఎల్తన్నాం’ అంటాడు. మర్యాదకి లోటేమీ లేదు, ఆయనా వింటారు. అదే రైతు చేతిలో ఉన్న కాగితం మీద ‘తిరిగి వెళ్తున్నాము, దయచేసి పరిష్కరించగలరు’ అని ఉంటుంది. నోటి మాట ఒకటి, కాగితం మీద మాట ఒకటి. గన్నా సంగతి కూడా ఇంతే.

స్నేహితులతో, ఇంట్లో, వాట్సాప్‌లో, ఆఫీసులో పక్క సీటువాళ్ళతో గన్నా హాయిగా అనొచ్చు. పెద్దవాళ్ళతో, బాస్‌తో నోటితో అన్నా అమర్యాద కాదు. ఇక్కడ మనవాళ్ళు పొరబడతారు. మనకి ‘నువ్వు’, ‘మీరు’ ఉన్నాయి కాబట్టి గన్నాని ‘నువ్వు’ లెక్కలో వేసి భయపడతారు. ఇంగ్లీషులో ఆ గీత లేదు. గన్నా అగౌరవం కాదు, కాస్త నిమ్మళంగా కూర్చుని మాట్లాడినట్టు ఉంటుంది, అంతే. ఒక్క జాగ్రత్త: ‘యూ ఆర్ గన్నా’ అని మొదలుపెట్టి ఎదుటివాళ్ళు చేయాల్సిన పని చెబితే ఆజ్ఞలా వినపడుతుంది. ‘యూ ఆర్ గన్నా సిట్ హియర్’ అని పెద్దాయనతో అనకండి. ‘ప్లీజ్ సిట్ హియర్’ చాలు.

రాతలో మాత్రం వద్దు. దరఖాస్తులో, ఆఫీసు మెయిల్‌లో, పరీక్షలో, ప్రాజెక్ట్ రిపోర్టులో ‘గోయింగ్ టూ’ అని పూర్తిగా రాయండి, లేదా విల్ రాయండి. విదేశాలకి వెళ్ళడానికి ఐఈఎల్‌టీఎస్ రాసేవాళ్ళు మాట్లాడే పరీక్షలో గన్నా వచ్చిందని బెంగ పెట్టుకోనక్కర్లేదు, రాసే పరీక్షలో రానివ్వకూడదు. నేను ఇరవై రెండేళ్ళప్పుడు ఒక ఉద్యోగానికి రాసిన ఉత్తరంలో ‘ఐయామ్ గన్నా వర్క్ హార్డ్’ అని రాశాను. ఇంగ్లీష్ బాగా వచ్చని చూపించుకోవాలని సరదా. ఇంటర్వ్యూలో పెద్దాయన ఆ కాగితం నా వైపు తిప్పారు. గన్నా చుట్టూ ఎర్ర సిరాతో గుండ్రంగా చుట్టి ఉంది. ఏమీ అనలేదు. అంటే బాగుండేది.

ఇంటర్వ్యూలో నోటి మాట సంగతి? నా అభిప్రాయం చెప్తాను, ఒప్పుకోనివాళ్ళు ఉంటారు. వచ్చేస్తే రానివ్వండి, తెచ్చిపెట్టుకోకండి. మిగతా ఇంగ్లీషంతా తడబడుతూ, మధ్యలో ఒక్క గన్నా మాత్రం హాలీవుడ్ యాసలో మెరిస్తే, ముతక పంచె మీద టై కట్టినట్టు ఉంటుంది.

ఆరో మెట్టు: వీధిలో సాధన

గదిలో కూర్చుని వాక్యాలు బట్టీ పట్టడం వల్ల ఇది రాదు. ఆర్టీసీ కాంప్లెక్స్‌లో ఒక పావుగంట నిలబడండి. డ్రైవరు తలుపు వేసుకున్నాడు: ‘ద బస్ ఈజ్ గన్నా స్టార్ట్’. ఎవరో సంచి వదిలేసి దిగిపోతున్నారు: ‘షీ ఈజ్ గన్నా ఫర్గెట్ హర్ బ్యాగ్’ (మనసులో అనుకున్నాక ఆవిడని పిలవండి కూడా). జరగడానికి ఒక్క క్షణం ముందున్న పనులని వెతకడమే ఈ ఆట.

విజయనగరం వాళ్ళకి ఏడాదికొక పెద్ద పరీక్ష ఉంది. విజయదశమి తర్వాత వచ్చే మంగళవారం పైడితల్లి సిరిమానోత్సవం. సిరిమాను, అంటే కొసన పూజారి కూర్చునే పొడవాటి మాను, గుడి నుంచి కోట దాకా మూడుసార్లు తిరుగుతుంది. జనం దాని మీదకి అరటిపళ్ళు విసురుతారు. జనంలో నిలబడితే చెప్పుకోవడానికి అన్నీ జరగబోయేవే. ‘ఇట్స్ గన్నా కమ్ దిస్ వే’, ‘దే ఆర్ గన్నా త్రో బనానాస్’. ఆ రోజు మీ గొంతు మీకే వినపడదు కాబట్టి సిగ్గుపడే పనీ లేదు.

రాత్రి ఇంటికొచ్చాక అందులో ఐదు వాక్యాలు ఫోన్లో రికార్డ్ చేయండి. మొదట ‘గోయింగ్ టూ’తో, తర్వాత గన్నాతో. విన్నప్పుడు క్రియ గట్టిగా, గన్నా మెత్తగా ఉందా అన్నది ఒక్కటే చూడండి.

దీని బంధువులు కూడా ఎదురవుతారు. ‘వాన్నా’ అంటే ‘వాంట్ టూ’. హీ, షీలతో అది కుదరదు, అక్కడ ‘వాంట్స్ టూ’ అనే అనాలి. ‘గాట్టా’ అంటే తప్పనిసరిగా చేయాల్సినది, ‘ఐ గాట్టా గో’ అంటే ఇక వెళ్ళాలి అని. అమెరికన్ల నోట అప్పుడప్పుడు ‘ఐమా’ కూడా వినపడుతుంది, అది ‘ఐమ్ గన్నా’ ఇంకా అరిగిన రూపం. వింటే అర్థం చేసుకోండి, మీరు అనక్కర్లేదు.

చివరగా ఒక చిక్కు ప్రశ్న

పో–బో పరీక్ష పెట్టి కింది వాటిలో దేన్ని గన్నాగా మార్చొచ్చో చూడండి.

ఐయామ్ గోయింగ్ టూ అరసవల్లి. దీన్ని మార్చలేం, అరసవల్లి పోతున్నాను.

వుయ్ ఆర్ గోయింగ్ టూ సీ ద సన్ టెంపుల్. మార్చొచ్చు, చూడబోతున్నాం.

షీ ఈజ్ గోయింగ్ టూ కాలేజ్. మార్చలేం.

ఇక నాలుగోది: ఐయామ్ గోయింగ్ టూ వర్క్.

దీని దగ్గర మా బ్యాచ్ రెండుగా చీలిపోయి దెబ్బలాడుకుంది. వర్క్ అంటే పనిచేయడం, క్రియ కాబట్టి మార్చొచ్చని సగం మంది. ఆఫీసుకి వెళ్తున్నాను అని కదా అర్థం, మార్చకూడదని మిగతా సగం. వైజాగ్ కుర్రాడు మాత్రం కాసేపు పెదాలు కదిపి చూసుకుని, “రెండూ వస్తన్నాయి మాస్టారూ. పనికి పోతన్నాను అన్నా అదే, పని చేయబోతన్నాను అన్నా అదే” అన్నాడు. మరి గన్నా పెట్టి ‘ఐమ్ గన్నా వర్క్’ అంటే ఏటిరా అన్నాను.

“అప్పుడు బో ఒక్కటే మాస్టారూ. ఇంట్లో కూర్చున్నా అనొచ్చు.”